మైలోగ్రామ్ పరీక్షకు సిద్ధం కావడం: వారం ముందు నుంచి ఇంటికి చేరిన మర్నాటి వరకు

వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి, బొమ్మల్లో స్పష్టంగా కనిపించే కాంట్రాస్ట్ మందును సన్నటి సూదితో ఎక్కించి, ఆ మందు వెన్నుపామునూ దాని నుంచి చీలే నరాల వేళ్ళనూ తడుపుతూ పారుతున్నప్పుడు ముందు ఎక్స్‌రే కింద, ఆ తరవాత సీటీ యంత్రంలో బొమ్మలు తీసే పరీక్షను మైలోగ్రామ్ అంటారు. వైద్యుడు ఈ పరీక్ష రాశారనగానే చాలామంది మొదట అడిగేది ఎన్ని గంటల ముందు నుంచి ఏమీ తినకూడదని. అడగవలసిన ప్రశ్నే గాని, ఈ పరీక్ష విషయంలో అది చిన్నది. సూది దిగే రోజు సాఫీగా గడుస్తుందా లేదా అన్నది అంతకు వారం, పది రోజుల ముందు మీరు వేసుకుంటున్న మందులన్నిటినీ వైద్యుల ముందు పెట్టారా లేదా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అందువల్ల ఈ మార్గదర్శిలో మందుల సంగతికే ఎక్కువ చోటు దక్కింది. ఇక్కడ రాసిన గడువులు సాధారణంగా పాటించేవి మాత్రమే. మీ ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో వేరే గడువు ఉంటే దానినే అనుసరించండి.

ముందుగా: ఈ పరీక్షే ఎందుకో తెలుసుకోండి

వెన్ను లోపలి భాగాలను చూడటానికి నేడు మొదట తీసేది ఎమ్మారై. దానికి సూది గుచ్చవలసిన పని లేదు, ఎక్స్‌రే కిరణాలూ లేవు. అది కుదరనప్పుడు గాని, అందులో కనిపించింది చాలనప్పుడు గాని మైలోగ్రామ్ వైపు వస్తారు. ఎమ్మారైకి పనికిరాని పేస్‌మేకరో, చెవిలో అమర్చిన పరికరమో ఉన్నవారు, వెన్నుకు శస్త్రచికిత్సలో రాడ్లూ స్క్రూలూ వేయించుకోవడంతో ఎమ్మారై బొమ్మ చెదిరిపోయేవారు, వెన్ను ద్రవం ఎక్కడి నుంచో కారిపోతోందని అనుమానం ఉన్నవారు ఈ కోవలోకి వస్తారు. నరం వేరు ఒక ఎముక మొన కింద నలుగుతోందా లేదా అన్నది సన్నగా తేల్చవలసి వచ్చినప్పుడు కూడా, సీటీతో కలిపి తీసిన మైలోగ్రామ్ శస్త్రచికిత్స చేసే వైద్యుడికి బాగా ఉపయోగపడుతుంది.

మీకు పేస్‌మేకర్ ఉన్నందువల్లనే ఈ పరీక్ష రాసి ఉంటే, ఆ పరికరంతో పాటు ఇచ్చిన కార్డును వెతికి తీయండి. ఇటీవల అమరుస్తున్న పేస్‌మేకర్లలో చాలా వాటికి కొన్ని షరతులతో ఎమ్మారై తీయవచ్చు. ఆ కార్డు చూపించి, ఎమ్మారై సాధ్యమేనా అని ఒక్క మాట అడిగితే సూది అవసరమే తప్పిపోవచ్చు.

మైలోగ్రామ్ తరవాత కాళ్ళు పడిపోయాయని, వెన్నులో మందు జీవితాంతం ఉండిపోయిందని పెద్దల నోట విని భయపడేవారు ఉంటారు. ఆ భయం గాలిలోంచి పుట్టింది కాదు. 1921 ప్రాంతంలో పారిస్‌లో సికార్, ఫారెస్టియే అనే వైద్యులు లిపియోడాల్ అనే నూనె మందుతో ఈ పద్ధతికి దారి వేశారు. 1940ల నుంచి దశాబ్దాల పాటు వాడిన పాంటోపేక్ కూడా నూనె మందే. పరీక్ష కాగానే దానిని మళ్ళీ సూదితో బయటికి లాగవలసి వచ్చేది. లోపల మిగిలిపోయిన చుక్కలు కొందరిలో వెన్నుపాము పొరలకు వాపు తెచ్చి, నరాలు ఒకదానికొకటి అతుక్కుపోయేలా చేసేవి. ఇప్పుడు వాడే అయోహెక్సాల్, అయోపమిడాల్ వంటివి నీటిలో కరిగే మందులు. ఇవి క్రమంగా రక్తంలో కలిసి, ఎక్కువ భాగం 24 గంటల్లోనే మూత్రం గుండా వెళ్ళిపోతాయి. పాత భయాన్ని కొత్త మందుకు అంటగట్టనక్కరలేదు.

వారం, పది రోజుల ముందు: మందుల జాబితా

ఒక కాగితం తీసుకొని, మీరు వేసుకునే ప్రతి మాత్ర పేరు, మోతాదు, వేసుకునే వేళ, దేనికోసం వేసుకుంటున్నారన్నది రాయండి. "బీపీ మాత్ర", "తెల్ల మాత్ర" అని రాస్తే సరిపోదు; అట్టపెట్టె మీది పేరును అక్షరం పొల్లుపోకుండా ఎక్కించాలి. చేపనూనె గుళికలు, వెల్లుల్లి గుళికలు, మూలికా మందులు మందుల లెక్కలోకి రావనుకొని వదిలేస్తుంటారు. వాటిలో కొన్నిటికి రక్తం గడ్డకట్టే తీరును మార్చే గుణం ఉన్నట్లు అనుమానం ఉంది కాబట్టి అవి కూడా జాబితాలో ఉండాలి. ఈ జాబితాలో రేడియాలజిస్టు, అంటే ఈ పరీక్ష చేసి బొమ్మలు చదివే వైద్యుడు, ముఖ్యంగా వెతికేవి రెండు రకాలు.

మొదటిది రక్తాన్ని పలుచబరిచే మందులు. వెన్ను లోపల చోటు తక్కువ. చర్మం కింద పెద్ద నష్టం చేయని రక్తస్రావమే వెన్ను కాలువలో జరిగితే, గడ్డకట్టిన రక్తం వెన్నుపామునో నరాలనో నొక్కి కాళ్ళ బలాన్ని తీసేయగలదు. ఇది అరుదుగానే జరుగుతుంది, కాని జరిగితే తీవ్రంగా ఉంటుంది. వార్ఫరిన్ వాడేవారిని సాధారణంగా 5 రోజుల ముందు ఆపమని చెప్పి, పరీక్షకు ముందు ఐఎన్ఆర్ అనే, రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చెప్పే రక్తపరీక్ష చేయించి అది 1.5 కంటే తగ్గిందో లేదో చూస్తారు. క్లోపిడోగ్రెల్‌ను 5 నుంచి 7 రోజుల ముందు ఆపిస్తారు. అపిక్సబాన్, రివరోక్సబాన్ వంటి మందులకు 2 నుంచి 3 రోజుల విరామం ఇస్తారు; డాబిగాట్రాన్ మూత్రపిండాల గుండా ఎక్కువగా బయటికి పోతుంది కాబట్టి వాటి పనితీరును బట్టి గడువు ఇంకా పెరగవచ్చు. పొట్ట మీద చర్మం కింద తీసుకునే ఎనోక్సపారిన్ ఇంజెక్షన్ తక్కువ మోతాదైతే 12 గంటలు, పూర్తి మోతాదైతే 24 గంటలు ఆపుతారు. ఆస్పిరిన్ ఒక్కటే వాడుతుంటే చాలా చోట్ల ఆపనక్కరలేదంటారు.

ఈ గడువులు చదివి మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి. వెన్నులో రక్తస్రావం ఎంత ప్రమాదమో, గుండె రక్తనాళంలో కొత్తగా వేసిన స్టెంట్ మూసుకుపోవడమూ, కృత్రిమ కవాటం మీద రక్తం గడ్డకట్టడమూ అంత ప్రమాదమే. ఆపవచ్చా లేదా అని నిర్ణయించవలసినవారు ఆ మందు రాసిన వైద్యుడు. ఎన్ని రోజులు ఆపాలో చెప్పవలసినవారు పరీక్ష చేసే విభాగం. ఈ ఇద్దరి మధ్య మాట కలిపే పని తరచుగా రోగి మీదే పడుతుంది. ఇలా పడకూడదు నిజమే, కాని పడుతుందని ముందే అనుకొని ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా తీసుకోవడం మేలు. స్టెంట్ వేయించుకొని కొన్ని నెలలే అయి ఉంటే పరీక్షనే వాయిదా వేసే అవకాశం ఉందేమో అడగండి.

రెండో రకం ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచే మందులు. కాంట్రాస్ట్ మందు పైకి పారి మెదడు చుట్టూ ఉన్న ద్రవంలో ఎక్కువగా చేరితే అరుదుగా ఫిట్స్ రావచ్చు; కొన్ని మందులు మెదడును అందుకు మరింత అనువుగా చేస్తాయన్నది దీని వెనక ఉన్న ఆలోచన. క్లోర్‌ప్రొమజైన్, ప్రోక్లోర్‌పెరజైన్ వంటి మానసిక సమస్యలకూ వాంతులకూ ఇచ్చే మందులు, అమిట్రిప్టిలిన్, బుప్రోపియాన్, ట్రమడాల్ సాధారణంగా ఈ పట్టికలో కనిపిస్తాయి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వెన్ను నొప్పితో ఈ పరీక్ష దాకా వచ్చినవారిలో చాలామంది వాడుతున్నవే ట్రమడాల్, అమిట్రిప్టిలిన్. పైగా అమిట్రిప్టిలిన్‌ను నరాల నొప్పికని తక్కువ మోతాదులో ఇచ్చి ఉంటారు కాబట్టి, "మీరు మానసిక సమస్యలకు మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగితే రోగి లేదని చెప్పేస్తాడు. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. అందుకే ప్రశ్నలకు జవాబు చెప్పడం కంటే జాబితా చూపించడమే క్షేమమని నా అభిప్రాయం.

అయోహెక్సాల్ తయారీదారుల సూచనల ప్రకారం ఇటువంటి మందులను కనీసం 48 గంటల ముందు ఆపి, పరీక్ష తరవాత కనీసం 24 గంటల వరకు మళ్ళీ మొదలుపెట్టకూడదు. ఇప్పటి కాంట్రాస్ట్ మందులతో ఫిట్స్ బాగా అరుదని, ఆపనవసరం లేదని భావించే ఆసుపత్రులూ ఉన్నాయి. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందులను హఠాత్తుగా ఆపడం వల్ల కలిగే కీడు తక్కువేమీ కాదు కనుక, ఇక్కడ కూడా నిర్ణయం మందు రాసిన వైద్యుడితో కలిసి జరగాలి. మూర్ఛవ్యాధి ఉండి దానికి మందులు వాడుతున్నవారు మాత్రం వాటిని ఆపకూడదు. పరీక్ష రోజు పొద్దున కూడా వాటిని ఎలా వేసుకోవాలో ముందే అడిగి పెట్టుకోవాలి.

మెట్‌ఫార్మిన్ గురించి తరచుగా గందరగోళం ఎదురవుతుంది. దానిని ఆపాలన్న నియమం ప్రధానంగా రక్తనాళంలోకి కాంట్రాస్ట్ ఎక్కించే సీటీ పరీక్షల కోసం, అందునా మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారి కోసం ఏర్పడింది. మైలోగ్రామ్‌లో మందు వెళ్ళేది వెన్ను ద్రవంలోకి, అదీ కొద్దిగానే. పెద్దవారిలో ఆ కాంట్రాస్ట్‌లో ఉండే అయోడిన్ మొత్తం సుమారు 3 గ్రాములకు మించనివ్వరు. అయినా ఆసుపత్రుల పద్ధతులు ఒకే తీరున లేవు కాబట్టి అడిగి తెలుసుకోండి.

చెప్పి తీరవలసిన విషయాలు

గతంలో ఏ సీటీ పరీక్షలోనైనా కాంట్రాస్ట్ ఎక్కించినప్పుడు దద్దుర్లు వచ్చినా, మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆ సంగతి పరీక్ష రోజున బల్ల ఎక్కాక గుర్తుకు తెచ్చుకుంటే ప్రయోజనం ఉండదు. అటువంటివారికి ముందుగా స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చే పద్ధతి ఉంది. బాగా వాడుకలో ఉన్న క్రమంలో ప్రెడ్నిసోన్ 50 మిల్లీగ్రాముల చొప్పున పరీక్షకు 13, 7, 1 గంటల ముందు మూడు సార్లు వేసుకొని, చివరి మాత్రతో పాటు అలర్జీ మందు కూడా తీసుకోవాలి. ఉదయం 9 గంటలకు పరీక్ష అయితే మొదటి మాత్ర ముందు రోజు రాత్రి 8 గంటలకే పడాలి, రెండోది తెల్లవారుజామున 2 గంటలకు. అలారం పెట్టుకోవలసిందే. రొయ్యలు, పీతలు పడవని చెప్పి కాంట్రాస్ట్ కూడా పడదనుకునేవారు చాలామంది ఉన్నారు. ఆ అలర్జీకీ అయోడిన్‌కూ సంబంధం లేదు. అలర్జీ ఉన్నట్టు చెప్పండి గాని, దానికోసం పరీక్ష మానుకోనక్కరలేదు.

గర్భం ఉన్నా, ఉండవచ్చన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి, ఎందుకంటే కిరణాలు పడేది నడుము, పొట్ట ఉన్న చోటే. జ్వరం వచ్చినా, సూది గుచ్చే చోట చర్మం మీద పుండో చీము గడ్డో ఉన్నా ఫోన్ చేసి తెలియజేయండి. పైనున్న సూక్ష్మజీవులను సూది లోపలికి తీసుకుపోకూడదు కనుక పరీక్షను వాయిదా వేస్తారు. వెన్నుకు శస్త్రచికిత్స జరిగి ఉంటే ఏ పూసల దగ్గర జరిగిందో రాసి ఉన్న పత్రాన్నీ, పాత ఎక్స్‌రే, సీటీ, ఎమ్మారై బొమ్మలనూ వెంట తెచ్చుకోండి. నివేదిక ఒక్కటే తెస్తే సగం పనే అవుతుంది. సూది ఎక్కడ దించాలో ఎంచుకోవడానికి రేడియాలజిస్టుకు కావలసినవి బొమ్మలే.

తోడు వచ్చే మనిషిని కూడా ఈ వారంలోనే కుదుర్చుకోవాలి. పరీక్ష తరవాత 24 గంటలు వాహనం నడపకూడదు. ఆ రాత్రి ఇంట్లో మరొకరు ఉండటం అవసరం.

ముందు రోజు, ఆ ఉదయం

ముందు రోజు నీళ్ళు, ఇతర ద్రవాలు మామూలు కంటే ఎక్కువగా తాగండి. ఒంట్లో నీరు తగినంత ఉంటే కాంట్రాస్ట్ త్వరగా బయటికి పోతుంది. గుండె బలహీనతకో, మూత్రపిండాల జబ్బుకో నీటిని కొలత పెట్టి తాగమని చెప్పి ఉంటే ఆ కొలత దాటవద్దు.

ఘనాహారాన్ని పరీక్షకు కొన్ని గంటల ముందు నుంచి మానమంటారు; ఎన్ని గంటలన్నది మీ కాగితంలో ఉంటుంది. నీళ్ళ వంటి తేట ద్రవాలు చాలా చోట్ల తాగనిస్తారు. ఏమీ తినవద్దన్నారని నీళ్ళు కూడా మానేసి ఎండిన నాలుకతో వచ్చేవారు తమకు తామే హాని చేసుకుంటున్నారు. ఇన్సులిన్ వాడేవారు ఆ ఉదయపు మోతాదు ఎంతో ముందే అడగాలి, లేకపోతే తిండి లేని వేళ చక్కెర పడిపోతుంది. బీపీ మాత్రలను కొద్ది నీటితో మామూలుగానే వేసుకోమంటారు.

వదులైన బట్టలు వేసుకోండి. నగలు ఇంట్లోనే వదలండి. గదిలోకి వెళ్ళే ముందు మూత్రవిసర్జన చేసి రండి, ఎందుకంటే ఆ తరవాత చాలాసేపు లేవనివ్వరు.

బల్ల మీద జరిగేది

సమ్మతి పత్రం మీద సంతకం పెట్టే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఏ రకం సూది వాడతారు? పెన్సిల్ మొన లాగా ఉండే సూది వెన్ను పొరను కోయకుండా దాని పోగులను పక్కకు తొలగిస్తూ దిగుతుంది. వాడిమొన సూది కోస్తూ దిగుతుంది. 110 పరిశోధనలను, 31 వేలకు పైబడిన రోగులను కలిపి 2018లో చేసిన విశ్లేషణలో, సూది గుచ్చాక వచ్చే తలనొప్పి వాడిమొన సూదులతో 11 శాతం మందికి వస్తే, పెన్సిల్ మొన వాటితో 4.2 శాతం మందికే వచ్చింది. పెన్సిల్ మొన సూది వాడటం అన్ని సందర్భాలలో కుదరకపోవచ్చు, కాని అడగడంలో తప్పు లేదు.

మిమ్మల్ని బోర్లా గాని, పక్కకు తిప్పి గాని పడుకోబెడతారు. నడుము కింది భాగాన్ని మందుతో శుభ్రం చేసి, ఆ చోటు మొద్దుబారేలా లిగ్నోకైన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఆ కొన్ని క్షణాల మంటే చాలామందికి ఈ పరీక్షలో గుర్తుండిపోయే నొప్పి. తరవాత ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూదిని సాధారణంగా నడుము 2వ, 3వ పూసల మధ్య గాని 3వ, 4వ పూసల మధ్య గాని దించుతారు. పెద్దవారిలో వెన్నుపాము ఇంచుమించు 1వ, 2వ నడుము పూసల దగ్గరే ముగిసిపోతుంది. సూది వెళ్ళేది దాని కిందికి. అక్కడ ఉండేవి ద్రవంలో తేలే నరాల వేళ్ళు మాత్రమే. సూది ఒక నరానికి తగిలితే కాలిలోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. అప్పుడు ఎగిరిపడకుండా, ఏ కాలిలో అలా అనిపించిందో నోటితో చెప్పండి. సూదిని సర్దడానికి వైద్యుడికి ఆ మాటే ఆధారం.

కాంట్రాస్ట్ వెన్ను ద్రవం కంటే బరువైనది కాబట్టి వాలు ఎటుంటే అటు పారుతుంది. అందుకే బల్లను తలవైపుకో కాళ్ళవైపుకో వంచుతారు. జారిపోకుండా పట్టీలు కడతారు. మెడ దాకా మందు చేర్చవలసి వస్తే గడ్డం పైకెత్తి ఉంచమంటారు, మందు తలలోకి జారకుండా ఆపేది ఆ భంగిమే. తుమ్ము, దగ్గు వచ్చేటట్టుంటే ముందే చెప్పండి. మొత్తం పని తరచుగా 30 నుంచి 60 నిమిషాలలో పూర్తవుతుంది, ఆ తరవాత సీటీకి తీసుకుపోతారు. మెడలోనో నడుములోనో బాగా నొప్పి ఉండి బోర్లా పడుకోలేనివారు ఆ సంగతి ముందే చెబితే దిండ్లు సర్దుతారు. లేదా పక్కకు తిప్పి చేస్తారు.

ఇంటికి చేరాక

కొన్ని గంటలు ఆసుపత్రిలోనే ఉంచి చూస్తారు. ఇంటికి వచ్చాక కూడా ఆ రోజంతా తల కింద రెండు, మూడు దిండ్లు పెట్టుకొని, తలా భుజాలూ ఎత్తుగా ఉండేలా పడుకోండి. మిగిలిన కాంట్రాస్ట్ మెదడు వైపు పోకుండా ఉండటానికి ఇది చేస్తారు. బల్లపరుపుగా పడుకుంటే తలనొప్పి రాదన్న నమ్మకం విస్తారంగా ఉంది గాని, పరిశోధనలు దానిని సమర్థించలేదు. ద్రవాలు బాగా తాగండి. ఒకటి, రెండు రోజులు బరువులు ఎత్తవద్దు, నడుము వంచే పనులు పెట్టుకోవద్దు. వికారం అనిపిస్తే ఇంట్లో మిగిలిన వాంతి మాత్ర వేసుకోకుండా ముందు ఫోన్ చేసి అడగండి; అది పైన చెప్పిన ప్రోక్లోర్‌పెరజైన్ అయి ఉండవచ్చు.

తలనొప్పి వస్తే దాని స్వభావాన్ని గమనించండి. సూది పడ్డ రంధ్రం నుంచి వెన్ను ద్రవం కారడం వల్ల వచ్చే నొప్పి కూర్చున్నా నిలబడినా ఎక్కువవుతుంది, పడుకుంటే తగ్గుతుంది. తరచుగా ఒకటి, రెండు రోజుల్లో మొదలై, చాలామందికి వారం, రెండు వారాల లోపు దానంతటదే పోతుంది. విశ్రాంతి, ద్రవాలు, వైద్యుడు చెప్పిన నొప్పి మాత్ర సాధారణంగా చాలు. కాఫీలో ఉండే కెఫీన్ కొందరికి కొంత ఉపశమనం ఇస్తుంది. లేచి కూర్చోలేనంతగా ఉంటే ఆసుపత్రిని సంప్రదించండి. చేతి నుంచి మీ రక్తాన్నే సుమారు 15, 20 మిల్లీలీటర్లు తీసి, సూది గుచ్చిన చోట వెన్ను పొర వెలుపల ఎక్కించి రంధ్రాన్ని మూసే చికిత్స ఉంది. బ్లడ్ ప్యాచ్ అనే ఆ పద్ధతితో చాలామందికి త్వరగా ఉపశమనం దొరుకుతుంది.

వేచి చూడకూడని లక్షణాలు వేరే ఉన్నాయి. జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, అయోమయం, ఫిట్స్, కాళ్ళలో కొత్తగా బలహీనత గాని తిమ్మిరి గాని రావడం, మూత్రం రాకపోవడం లేదా మలమూత్రాల మీద పట్టు తప్పడం, నడుములో గంట గంటకూ పెరిగే తీవ్రమైన నొప్పి, సూది గుచ్చిన చోట నుంచి ద్రవమో రక్తమో ఆగకుండా కారడం: వీటిలో ఏది కనిపించినా రాత్రి పగలు చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్ళి, మైలోగ్రామ్ ఎప్పుడు జరిగిందో మొదటి మాటగా చెప్పండి. వెన్నులో రక్తం గడ్డకట్టి నరాలను నొక్కుతుంటే, కాళ్ళ బలం తిరిగి రావడం ఎన్ని గంటల్లో ఆ ఒత్తిడి తీశారన్న దాని మీద ఆధారపడుతుంది.

ఆసుపత్రి నుంచి బయలుదేరే ముందే, ఆపిన ప్రతి మందు పేరు పక్కన దానిని మళ్ళీ ఏ రోజు, ఏ పూట మొదలుపెట్టాలో ఆ జాబితా మీదనే రాయించుకోండి. వార్ఫరిన్ మళ్ళీ మొదలుపెట్టాక పూర్తిగా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. కొందరికి ఆ మధ్యకాలంలో రక్తాన్ని పలుచబరిచే ఇంజెక్షన్లు అవసరమవుతాయి. తదుపరి ఐఎన్ఆర్ పరీక్ష తేదీ కూడా అదే కాగితం మీద ఉండాలి.